కొలబద్ద యెవరిది? — ఇంగ్లీషు పరీక్షల చరిత్ర

వ్యావహారిక భాషోద్యమ చరిత్ర చదివిన వారికి ఒక విషయం బాగా తెలుసు. ఆ ఉద్యమంలో అతి తీవ్రమైన ఘర్షణ కావ్యాల మీద జరగలేదు, పరీక్ష కాగితాల మీద జరిగింది. స్కూలు ఫైనలు విద్యార్థి వ్యాసరచనలో యే తెలుగు రాయాలి, యే తెలుగు రాస్తే మార్కులు పోతాయి అన్న ప్రశ్న దగ్గరనే గిడుగు రామమూర్తి పంతులుగారూ, జయంతి రామయ్య పంతులుగారూ యెదురెదురుగా నిలిచారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఆ ఘర్షణలో పుట్టినదే. నాటకంలో పాత్రలు వాడుకభాష మాట్లాడితే నవ్వి వూరుకున్నవారు సైతం అదే భాష పరీక్షాపత్రంలో కనబడేసరికి కలవరపడ్డారు. కారణం స్పష్టమే. నాటకం చూసినవాడు యింటికి పోతాడు, పరీక్ష ప్యాసయినవాడు కచేరీలో కుర్చీ యెక్కుతాడు.

మనం తెలుగు విషయంలో గ్రహించిన యీ సత్యాన్ని ఇంగ్లీషు విషయంలో మాత్రం గ్రహించినట్లు కనబడదు. ఇంగ్లీషు అంటే యెక్కడో ఒకచోట స్థిరంగా, శుద్ధంగా వున్నదనీ, పరీక్ష అన్నది మనం దానికి యెంత దూరంలో వున్నామో చెప్పే త్రాసు మాత్రమేననీ మన విద్యార్థులూ, చాలామంది ఉపాధ్యాయులూ కూడా నమ్ముతున్నారు. అమెరికాకో, ఇంగ్లండుకో, ఆస్ట్రేలియాకో వెళ్ళదలచిన తెలుగు విద్యార్థి ఇంగ్లీషు మాధ్యమంలోనే పదిహేనేళ్ళు చదివివుండి కూడా, తనకు ఇంగ్లీషు వచ్చునని నిరూపించుకోవడానికి వేల రూపాయల రుసుము కట్టి పరీక్షకు కూర్చుంటున్నాడు. తక్కువ మార్కులు వస్తే తలవంచుకుంటున్నాడు. ఆ త్రాసును యెవరు తయారుచేశారు, యెందుకు తయారుచేశారు, ఆ తూనికరాళ్ళు యెవరివి అని అడగడం లేదు. యీ వ్యాసం ఆ ప్రశ్నలను చరిత్రనుంచి అడగడానికి ఒక ప్రయత్నం.

2

ముందుగా ఒక సిద్ధాంత విషయం స్పష్టం చేసుకోవాలి. భాష వర్గానికి చెందిన వస్తువా అన్న చర్చ మన పాఠకులకు కొత్తది కాదు. 1950లో మార్ సిద్ధాంతాన్ని ఖండిస్తూ స్టాలిన్, భాష ఉపరితలాంశం కాదనీ, ఒకే భాష ఆ సమాజంలోని అన్ని వర్గాలకూ సాధనంగా వుంటుందనీ వాదించారు. అయితే వర్గాలు భాషపట్ల ఉదాసీనంగా వుండవనీ, దానిని తమ ప్రయోజనాలకు వాడుకోజూస్తాయనీ కూడా ఆ వ్యాసంలోనే అంగీకరించారు. ఆ చర్చలోని మిగిలిన అంశాలను యెలా తేల్చుకున్నా, యీ రెండవ మాటను మాత్రం మనం యింకొంచెం ముందుకు తీసుకుపోవచ్చు. భాష ఉపరితలాంశం కాకపోవచ్చు. భాషా పరీక్ష మాత్రం నిస్సందేహంగా ఉపరితలాంశమే. దానికి స్థాపకులున్నారు, నిబంధనలున్నాయి, యజమానులున్నారు. ఒక పాలనావ్యవస్థ తన ద్వారం దగ్గర నిలబెట్టే కాపలాదారు అది. ఆ ద్వారం మారినప్పుడల్లా పరీక్ష స్వరూపం మారుతూ వచ్చింది.

మన దేశంలో భాషా పరీక్షలకు మొదట కూర్చున్నవారు తెల్లవారే అన్న సంగతి నేడు చాలామందికి జ్ఞాపకం లేదు. 1812లో మద్రాసులో స్థాపించిన సెంట్ జార్జి కోట కళాశాలలో ఈస్టిండియా కంపెనీ కుర్ర ఉద్యోగులకు తెలుగు, తమిళం వంటి భాషలు నేర్పి పరీక్షించేవారు. ఏ. డి. కాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది ఆ వాతావరణంలోనే. 1817లో మద్రాసు వచ్చిన సి. పి. బ్రౌన్ ఆ కళాశాలలోనే తెలుగు నేర్చి, పరీక్ష ప్యాసయి, 1820లో కడప చేరాడు. పన్ను వసూలు చేయవలసిన వాడికి రైతు భాష రావాలి గనుక ఆ పరీక్ష పెట్టారు. అయితే అది జరిగిన తీరు చూడండి. చదువు చెప్పడానికి కంపెనీయే పండితులను నియమించింది. చదువుకున్నంత కాలం జీతమిచ్చింది. బాగా వచ్చినవారికి అదనపు భత్యమిచ్చింది. పాలించేవాడు పరీక్ష రాసినప్పుడు ఖర్చు ఖజానాది. పాలితుడు పరీక్ష రాసినప్పుడు ఖర్చు పాలితుడిదే. యీ సూత్రం రెండు శతాబ్దాలుగా మారలేదు.

1835లో మెకాలే పత్రం వచ్చింది. 1844లో గవర్నరు జనరల్ హార్డింజి, ప్రభుత్వోద్యోగాలలో ఇంగ్లీషు విద్య పొందినవారికి ప్రాధాన్యమిస్తామని ప్రకటించాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు యేర్పడ్డాయి. ఇంగ్లీషు సాహిత్యం ఒక పాఠ్యవిషయంగా ఇంగ్లండు విశ్వవిద్యాలయాలలో స్థిరపడకముందే భారతదేశంలో స్థిరపడిందని గౌరీ విశ్వనాథన్ 1989లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా చూపారు. అంటే ఇంగ్లీషు వారు తమ సాహిత్యాన్ని తమ పిల్లలకు పరీక్షగా పెట్టడానికి ముందు మన పిల్లలమీద ప్రయోగించి చూశారన్నమాట.

సివిల్ సర్వీసు పోటీ పరీక్ష 1855లో లండన్‌లో మొదలయింది. మెకాలే అధ్యక్షతన యేర్పడిన సంఘం దానికి మార్కుల పట్టిక తయారుచేసింది. గ్రీకుకు 750, లాటిన్‌కు 750 మార్కులు. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. ఇంగ్లీషు భాషా సాహిత్య చరిత్రలకు అన్నిటికన్నా పెద్ద వాటా. తెలుగు, తమిళ, బెంగాలీ భాషలకు ఆ పోటీలో చోటే లేదు. యెన్నికయిన తరువాత నేర్చుకోవలసిన విషయాలవి. పరీక్ష అందరికీ ఒకటే, యెవరైనా రాయవచ్చు, అయితే సముద్రం దాటి లండన్ వెళ్ళి రాయాలి. 1863లో సత్యేంద్రనాథ టాగూరు యెన్నికయ్యేవరకు ఒక్క భారతీయుడు కూడా ఆ ద్వారం దాటలేదు. 1922వరకు ఆ పరీక్ష మన దేశంలో జరగలేదు. చట్టంలో సమానత్వం, మార్కుల పట్టికలో అసమానత్వం — యీ నమూనాను మనం ముందు ముందు మళ్ళీ మళ్ళీ చూస్తాం.

3

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్థానిక పరీక్షల సిండికేటు 1858లో స్థాపితమైంది. అయిదేళ్ళు తిరగకుండానే, 1863లో, దాని పరీక్షలు కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్‌కు చేరాయి. ప్రశ్నపత్రం ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చేది, జవాబుపత్రం ఓడలో తిరిగిపోయేది. కాలక్రమాన ఆఫ్రికాలో, మలయాలో, సింహళంలో లక్షలాది పిల్లల భవితవ్యం యీ ఓడల రాకపోకల మీద ఆధారపడింది.

ఇంగ్లీషు మాతృభాష కాని విదేశీయులకోసం యీ సిండికేటు ప్రత్యేక ప్రావీణ్య పరీక్ష పెట్టింది 1913లో. మూడు పౌన్ల రుసుము, పన్నెండు గంటల పరీక్ష. ఫ్రెంచి లేదా జర్మన్‌లోకి అనువాదం, అక్కడినుంచి ఇంగ్లీషులోకి అనువాదం, వ్యాకరణం, వ్యాసరచన, ఇంగ్లీషు సాహిత్యం, ధ్వనిశాస్త్రం, శ్రుతలేఖనం, చదవడం, సంభాషణ. ఆ మొదటి యేడు పరీక్షకు కూర్చున్నది ముగ్గురు. ముగ్గురూ తప్పారు. నేడు కోట్లాది రూపాయల వ్యాపారంగా పెరిగిన మహావృక్షానికి మొలక యిది.

అదే 1913లో బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకం వియన్నాలో మొదటిసారి ప్రదర్శించారు. లండన్ వీధిలో పూలమ్మే పిల్లను ఉచ్చారణ మార్చి దొరసానిగా చలామణి చేయించే కథ అది. సోషలిస్టు అయిన షా చూపదలచిన విషయం, దొరసానికీ పూలపిల్లకీ మధ్యనున్న గోడ మాటల్లో కట్టినదని. నాలుగేళ్ళ తరువాత, 1917లో, డేనియల్ జోన్స్ ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు ప్రచురించాడు. ఆయన యెవరి ఉచ్చారణను నమోదు చేశాడు? దక్షిణ ఇంగ్లండులో, ఖరీదైన వసతిపాఠశాలల్లో చదివిన మగవారున్న కుటుంబాల ఉచ్చారణను. ఆ సంగతి ఆయన దాచలేదు. దానికి మొదట ‘పబ్లిక్ స్కూలు ఉచ్చారణ’ అనే పేరు పెట్టాడు. తరువాత తరువాత ఆ పేరులోని బడి మాయమై, ‘ఆమోదిత ఉచ్చారణ’ అనే పేరు స్థిరపడింది. యెవరు ఆమోదించారన్న ప్రశ్న కూడా దానితోపాటే మాయమైంది.

ఇక్కడ మనం మరచిపోరాని విషయం ఒకటున్నది. యీ ప్రామాణిక ఇంగ్లీషు కొలబద్ద కింద మొదట నలిగిపోయింది బ్రిటిష్ దీవులలోని పేదలే. యార్క్‌షైర్ బొగ్గుగని కార్మికుడి పలుకుబడి, లండన్ తూర్పు పేటల పలుకుబడి మొరటువని బడి పిల్లలకు నేర్పారు. వేల్స్ బడులలో 19వ శతాబ్దంలో వెల్ష్ భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క వేలాడదీశారు. 1921లో ఇంగ్లండు ప్రభుత్వానికి అందిన న్యూబోల్ట్ నివేదిక, వర్గాల మధ్య చీలిక మాన్పడానికి అందరికీ ప్రామాణిక ఇంగ్లీషు నేర్పడం ఒక మార్గమని సూచించింది. చీలికకు కారణం గనుల యాజమాన్యంలో, మిల్లుల యాజమాన్యంలో వుంటే మందు ఉచ్చారణలో వెదికారు. రష్యాలో విప్లవం వచ్చి నాలుగేళ్ళే అయిందని జ్ఞాపకం వుంచుకుంటే ఆ వెదుకులాటలోని ఆదుర్దా అర్థమవుతుంది.

4

పరీక్షకు, భాషకు వున్న సంబంధం పూర్తిగా తెగిపోయి, కాపలాదారు తన అసలు ముఖం చూపిన ఘట్టం దక్షిణాఫ్రికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ కనబడుతుంది.

1860 నవంబరులో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసునుంచి బయలుదేరిన కూలీలతో నాటాల్ వలసరాజ్యం చేరింది. వారిలో తెలుగువారూ, తమిళులూ వున్నారు. చెరకు తోటలకు చేతులు కావాలి గనుక, ఒప్పంద కూలీలకు ఇంగ్లీషు వచ్చునా అని యెవరూ అడగలేదు. ఒప్పందపత్రం ఇంగ్లీషులో వున్నా, వేలిముద్ర చాలింది. కాని స్వతంత్రంగా వ్యాపారం చేసుకోవడానికి భారతీయులు రావడం మొదలయ్యేసరికి తెల్లవారికి కంటగింపయింది. 1897లో నాటాల్ వలస నిరోధక చట్టం వచ్చింది. రాదలచినవాడు ఒక యూరపు భాషలో దరఖాస్తు రాసి చూపాలి. చట్టంలో జాతి పేరు లేదు, రంగు పేరు లేదు. భాష పేరు మాత్రమే వున్నది. బ్రిటిష్ వలసల మంత్రి జోసెఫ్ చేంబర్లేన్ అదే యేడు వలసరాజ్యాల ప్రధానుల సమావేశంలో యీ పద్ధతిని మిగతా వారికి కూడా సిఫారసు చేశాడు. ఒకవైపు 1911వరకు కూలీల ఓడలు వస్తూనే వున్నాయి, మరొకవైపు భాషా పరీక్ష నడుస్తూనే వున్నది. కూలికి వచ్చేవాడికి భాష అక్కరలేదు. హక్కుతో వచ్చేవాడికి కావాలి.

ఆస్ట్రేలియా 1901లో యీ పద్ధతిని స్వీకరించింది. అధికారి ఒక యూరపు భాషలో యాభై మాటలు చెబుతాడు, వచ్చినవాడు తప్పులేకుండా రాయాలి. యే భాష అన్నది అధికారి యిష్టం. ఇంగ్లీషు వచ్చినవాడికి ఫ్రెంచి, ఫ్రెంచి కూడా వస్తే మరొకటి. 1902, 1903లలో 805 పరీక్షలు జరిగితే 46మంది ప్యాసయ్యారు. 1904నుంచి 1909వరకు 554 పరీక్షల్లో ఆరుగురు. 1909 తరువాత ఒక్కరూ ప్యాసు కాలేదు. 1958లో రద్దయ్యేవరకు ఆ పరీక్ష చట్టంలో వున్నది.

యీ పరీక్ష నల్లవారికోసం పుట్టినా నల్లవారితో ఆగలేదు. 1934 నవంబరులో ప్రాగ్ నగరానికి చెందిన కమ్యూనిస్టు రచయిత ఎగాన్ ఎర్విన్ కిష్, యుద్ధానికీ ఫాసిజానికీ వ్యతిరేకంగా జరిగే మహాసభలో ప్రసంగించడానికి ఆస్ట్రేలియా వచ్చాడు. ప్రభుత్వం దిగనివ్వలేదు. మెల్బోర్న్ రేవులో ఆయన ఓడమీదనుంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. అనేక యూరపు భాషలు తెలిసిన కిష్‌ను ఇంగ్లీషులో పరీక్షిస్తే లాభం లేదని, సిడ్నీలో స్కాట్లండు కొండసీమల గేలిక్ భాషలో శ్రుతలేఖనం పెట్టారు. ఆయన తప్పాడు, శిక్ష పడింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆస్ట్రేలియా హైకోర్టు, స్కాటిష్ గేలిక్ ఆ చట్టం ఉద్దేశించిన అర్థంలో యూరపు భాష కాదని తీర్పు చెప్పి శిక్ష కొట్టివేసింది.

యీ కథ చెప్పుకుని నవ్వుకోవడం తేలిక. దీనిలోని చేదు వేరు. గేలిక్ భాష స్వయంగా ఇంగ్లీషు పెత్తనం కింద నలిగిపోయిన భాష. తన సొంత బడులలో చోటు లేని భాషను మరొకరిమీద దెబ్బవేసే కర్రగా మాత్రం పాలకులు యెత్తుకున్నారు. చట్టం దానిని వాడుకుంది, న్యాయస్థానం దానిని యూరపు భాషగా గుర్తించలేదు. యే భాషకు యెంత విలువ అన్నది భాషలో లేదని, చెప్పేవాడి చేతిలో వున్నదని యింతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

5

పరీక్షలు యిలా నడుస్తుండగా, రెండవవైపు ఇంగ్లీషు భాష తన దారిన తాను మారిపోతూ వచ్చింది. దానిని మార్చినవారిలో పండితులు తక్కువ. కూలీలు, నావికులు, బానిసలు, గుమాస్తాలు యెక్కువ. పశ్చిమాఫ్రికా రేవుల్లో, కరీబియన్ తోటల్లో పలు భాషల ఆఫ్రికన్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఇంగ్లీషు మాటలతో కొత్త వ్యాకరణాలు నిర్మించుకున్నారు. పసిఫిక్ దీవుల తోటకూలీల మాటల్లో పుట్టిన టోక్ పిసిన్ నేడు పాపువా న్యూగినీలో ఒక అధికారభాష. ఫిజీ, నాటాల్ వెళ్ళిన మనవారి నోట ‘అగ్రిమెంట్’ అనే మాట ‘గిర్మిట్’గా మారింది. తాము చదవలేని పత్రం పేరును తమ బతుకుకే పేరుగా మార్చుకున్న ఆ కూలీలు ఇంగ్లీషుకు ఒక కొత్త మాట యిచ్చారు. ఆ మాటలో వున్న చరిత్ర యే నిఘంటువులోని అర్థానికీ అందదు.

మన గుమాస్తాల ఇంగ్లీషు సంగతి చూడండి. ‘డు ది నీడ్‌ఫుల్’ అని ఉత్తరం ముగిస్తే నేడు భారతీయుల తప్పని నవ్వుతారు. నిజానికి ఆ పదబంధం ఒకప్పుడు ఇంగ్లండులో వాడుకలో వున్నదే. కంపెనీ కచేరీల ద్వారా మనకు చేరింది. అక్కడ వాడుక తప్పింది, యిక్కడ నిలిచింది. అలాగే ‘ఇన్ఫర్మేషన్’ అనే మాటను బహువచనంలో వాడితే పరీక్షలో తప్పు. 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు రచయితలు దానిని బహువచనంలో నిస్సంకోచంగా వాడారు. తప్పూ ఒప్పూ కాలానికి లోబడినవన్నమాట. యిక ‘పోస్ట్‌పోన్’కు యెదురుగా మనవారు వాడిన ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులకు యెక్కింది. అయినా దానిని రాసిన విద్యార్థికి మార్కు యిచ్చే ధైర్యం యెందరు పరీక్షాధికారులకు వుంది?

దీనికి జవాబుగా, భాషకు ఒక ప్రమాణం వుండాలి కదా, యెవరికి తోచినట్లు వారు రాస్తే భాష నిలుస్తుందా అని అడిగేవారున్నారు. వారు అమెరికా వైపు చూడాలి. 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఆ దేశంలో నోవా వెబ్‌స్టర్ తమ దేశానికి తమ ఇంగ్లీషు వుండాలని వాదించి, 1828లో అమెరికన్ ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాడు. అక్షరక్రమం మార్చాడు. ఇంగ్లండు పండితులు అమెరికా వాడుకలను వెక్కిరించారు. నేడు? అమెరికా స్పెల్లింగు రాసినందుకు యే అంతర్జాతీయ పరీక్షలోనూ మార్కు పోదు. ఇంగ్లండు ఇంగ్లీషుకూ అమెరికా ఇంగ్లీషుకూ వున్న తేడా, ఇంగ్లండు ఇంగ్లీషుకూ చదువుకున్న భారతీయుడి ఇంగ్లీషుకూ వున్న తేడా స్వభావంలో ఒక్కటే. ఒకదాన్ని ‘రూపభేదం’ అనీ, మరొకదాన్ని ‘తప్పు’ అనీ పిలవడానికి భాషాశాస్త్రంలో ఆధారం లేదు. దాని ఆధారం డాలరులో వుంది.

సాహిత్యం యీ సంగతి ముందుగానే కనిపెట్టింది. లండన్‌లో అభ్యుదయ రచయితల సంఘానికి అంకురార్పణ చేసినవారిలో ఒకరైన ముల్క్‌రాజ్ ఆనంద్, 1935లో వెలువడిన ‘అన్‌టచబుల్’ నవలలో పంజాబీ తిట్లనూ, నుడికారాన్నీ ఇంగ్లీషులోకి లాగారు. పాకీపని చేసే యువకుడి ఒక్కరోజు బతుకు చెప్పడానికి పబ్లిక్ స్కూలు ఇంగ్లీషు సరిపోదని ఆయనకు తెలుసు. నైజీరియాలో చినువా అచెబె ఆ పనే మరొక తీరున చేశారు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో మరొక దారి పట్టి, చివరకు తన గికుయు భాషకే మళ్ళారు. తన విద్యార్థి దశలో, మిగతా విషయాలన్నిటిలో యెంత మంచి మార్కులు వచ్చినా ఇంగ్లీషు కాగితం తప్పితే మొత్తం పరీక్షే తప్పినట్లుగా వుండేదని ఆయన 1986లో వెలువడిన తన గ్రంథంలో జ్ఞాపకం చేసుకున్నారు. అలా తప్పిన తోటి విద్యార్థి బస్సులో పనికి కుదిరాడు. ఇంగ్లీషులో గట్టెక్కిన తాను పెద్ద బడిలో చేరారు. ఒక రచయిత పుట్టుకకూ, ఒక బస్సుపనివాడి బతుకుకూ మధ్య ఒక ప్రశ్నపత్రం అడ్డుగా నిలిచింది.

6

రెండవ ప్రపంచయుద్ధం తరువాత సామ్రాజ్యకేంద్రం లండన్‌నుంచి వాషింగ్టన్‌కు మారింది. పరీక్ష కేంద్రం కూడా దానితో కదిలింది. అమెరికా పరీక్షల పరిశ్రమకు ఒక పూర్వచరిత్ర వుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు పెట్టిన తెలివితేటల పరీక్షల ఆధారంగా కార్ల్ బ్రిగం అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1923లో ఒక గ్రంథం రాశాడు. అమెరికాలో యెక్కువకాలం వున్న వలసజనానికి యెక్కువ మార్కులు, కొత్తగా వచ్చినవారికి తక్కువ మార్కులు వచ్చాయి. కొత్తవారికి ఇంగ్లీషూ, అమెరికా రీతులూ యింకా అలవాటు కాలేదని యెవరికైనా తోస్తుంది. బ్రిగం మాత్రం కొత్తగా వస్తున్న జాతులే తక్కువవని తేల్చాడు. మరుసటి యేడు, 1924లో, అమెరికా వలసలను జాతులవారీ కోటాలతో బిగించింది. 1926లో కాలేజీ ప్రవేశాలకు పెట్టిన ‘శాట్’ పరీక్ష రూపకర్త బ్రిగమే. 1930లో ఆయన తన పాత నిర్ధారణలను తానే ఉపసంహరించుకున్నాడు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. కాని చట్టం ఉపసంహరణ కాలేదు. పరీక్ష కూడా కాలేదు.

1947లో యేర్పడిన అమెరికా పరీక్షల సంస్థ ఆ ‘శాట్’ పరీక్షను చేపట్టింది. విదేశీ విద్యార్థులకోసం 1964లో మొదలైన ‘టోఫెల్’ మరుసటి యేడు ఆ సంస్థ చేతికే వచ్చింది. బ్రిటిష్ కౌన్సిలూ, కేంబ్రిడ్జి కలిసి 1980లో మొదలుపెట్టిన పరీక్ష, ఆస్ట్రేలియా భాగస్వామ్యంతో 1989లో ‘ఐఈఎల్‌టీఎస్’ అయింది. 2021లో బ్రిటిష్ కౌన్సిల్ భారతదేశంలోని తన ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని ఆస్ట్రేలియా భాగస్వామి ఐడిపికి 13 కోట్ల పౌన్లకు అమ్మింది. పూర్వం జమీందారు యెస్టేటు అమ్మితే రైతులు కూడా దానితోపాటే చేతులు మారేవారు. మన విద్యార్థులు కూడా ఆ 2021 కాగితాలమీద ఒక యెస్టేటు లెక్కల్లోకి వచ్చారు.

యీ పరీక్షలు పాతకాలపు శ్రుతలేఖనం వంటి మోసాలని నేను అనడం లేదు. వాటిని తయారుచేసేవారిలో నిజాయితీపరులైన శాస్త్రజ్ఞులున్నారు. ప్రశ్నలను వడపోసి, లెక్కలు కట్టి, పక్షపాతం తగ్గించాలని శ్రమిస్తున్నారు. అయినా కొలబద్ద మాత్రం మారలేదు. 2006లో ‘టోయిక్’ పరీక్షను సంస్కరించి, వినికిడి భాగంలో వివిధ యాసలు చేర్చామని ప్రకటించారు. యే యాసలు? అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా. ప్రపంచంలో ఇంగ్లీషు మాట్లాడే అసంఖ్యాక ఆసియా, ఆఫ్రికా ప్రజల నోరు ఆ వైవిధ్యంలో లేదు. నేడు బ్రిటన్ వీసా నిబంధనలలో ఇంగ్లీషు ప్రధానంగా మాట్లాడే దేశాల జాబితా ఒకటున్నది. ఆ దేశాల పౌరులకు భాషా పరీక్ష లేదు. జమైకా, ట్రినిడాడ్ అందులో వున్నాయి. ఇంగ్లీషు అధికారభాషగా గల నైజీరియా, కెన్యా, భారతదేశం లేవు.

యిప్పుడు యంత్రాలు కూడా మార్కులు వేస్తున్నాయి. 2017లో ఐర్లండునుంచి ఆస్ట్రేలియాకు వచ్చిన ఒక పశువైద్యురాలు, ఇంగ్లీషు మాతృభాషగా పెరిగి రెండు పట్టాలు పొందిన మనిషి, స్థిరనివాసం కోసం కంప్యూటరు మార్కులు వేసే పరీక్షలో ధారాళంగా మాట్లాడే భాగంలో కావలసిన మార్కులు తెచ్చుకోలేకపోయింది. కిష్‌కు గేలిక్ పెట్టిన 83 యేళ్ళ తరువాత అదే దేశపు ద్వారం దగ్గర జరిగిన సంగతి యిది. వెనుకటి అధికారి యెవరిని తప్పించాలో తెలిసి తప్పించాడు. యంత్రానికి ఆ మాత్రం ఉద్దేశం కూడా లేదు.

7

శ్రీనగరంలో పుట్టిన భాషాశాస్త్రజ్ఞుడు బ్రజ్ కచ్రూ, ఇంగ్లీషు ఒక్కటి కాదనీ అనేకమనీ, భారతీయ ఇంగ్లీషు దోషాల మూట కాక తనదైన నియమాలు గల రూపమనీ 1980ల నుంచి గట్టిగా వాదించారు. లండన్ పండితుడు రాండాల్ఫ్ క్విర్క్ 1990లో దానికి అభ్యంతరం చెప్పారు. ప్రమాణం విడిచిపెడితే నష్టపోయేది పేదదేశాల విద్యార్థులేననీ, వారికి సామాన్య ఇంగ్లీషు నేర్పి లోకంలోకి వదిలితే ఉద్యోగాలెవరిస్తారనీ ఆయన వాదం. కచ్రూ మరుసటి యేడు జవాబిచ్చారు.

క్విర్క్ వాదాన్ని వలసవాదమని కొట్టిపారేయడం సులువు. అది సరికాదు. మన పల్లెల్లో దళిత కుటుంబాలు, కూలి కుటుంబాలు పిల్లలకు ఇంగ్లీషు కావాలని అడుగుతున్నాయి. వారికి ‘మీ ఇంగ్లీషు మీకు చాలు’ అని చెప్పి, తన పిల్లలను మాత్రం ఖరీదైన బడికి పంపే మేధావి వారికి ద్రోహం చేస్తున్నాడు. నెగ్గవలసిన పరీక్ష యెదుట వున్నంతవరకు దానిని నెగ్గే విద్య అందరికీ అందాలి. కాని క్విర్క్ వాదంలో లోపం వేరొకచోట వుంది. ద్వారం దగ్గర కాపలాదారు కఠినంగా వున్నాడు గనుక లోపలికి పోయే వాడే మారాలంటుంది ఆ వాదం. కాపలాదారును ప్రశ్నించడం దాని దృష్టిలో లేదు. ఆస్పత్రిలో నర్సు మాట రోగికి అర్థం కావాలి, నిజమే. అయితే ఆ పరీక్ష అర్థమవడాన్ని కొలవాలి. పుట్టిన చోటును కాదు. అర్థమవడం రెండు వైపులా జరిగే పని. వినేవాడు కూడా కొంత నేర్చుకోవాలి. కంపెనీ దొరలు తెలుగు నేర్చుకోలేదా?

కాపలాదారును మార్చిన చరిత్ర కూడా వున్నది. పశ్చిమాఫ్రికా దేశాలు 1952లో సొంత పరీక్షా మండలి స్థాపించుకున్నాయి. కేంబ్రిడ్జి పరీక్ష యెక్కడ మొదట ఓడ దిగిందో ఆ కరీబియన్‌లో దేశాలు కలిసి 1972లో తమ పరీక్షా మండలి యేర్పరచుకున్నాయి. 1979లో మొదటిసారి తమ ప్రశ్నపత్రాలు తాము పెట్టుకున్నాయి. ఉన్నత తరగతుల భాషాపాఠ్యంలో తమ క్రియోల్ భాషలను చర్చనీయ విషయంగా చేర్చాయి. ప్రామాణిక ఇంగ్లీషును వారు వదిలిపెట్టలేదు. దానిపక్కన తమ నోటి భాషను కూర్చోబెట్టారు. చిన్న ద్వీపాలు చేయగలిగిన పనిని ఇంత పెద్ద దేశం యెందుకు చేయలేకపోయిందన్న ప్రశ్నకు మన విశ్వవిద్యాలయాలు జవాబు చెప్పుకోవాలి.

ఉపాధ్యాయ మిత్రులు యీ చరిత్రనుంచి తీసుకోవలసిన పని చిన్నదే, కాని రోజూ చేయవలసినది. విద్యార్థి కాగితంలో ఒక వాక్యం కింద యెర్రగీత పెట్టేముందు, యిది అర్థానికి అడ్డు వస్తున్నదా, లేక అక్కడి వారికి అలవాటు లేదు గనుక తప్పయిందా అని ఒక్క క్షణం ఆలోచించాలి. రెండవదైతే ఆ సంగతి పిల్లవాడికి చెప్పాలి: ‘పరీక్షలో యిలా రాస్తే మార్కు పోతుంది, కాని యిది నీ తెలివితక్కువతనం కాదు.’ పరీక్ష నెగ్గే నేర్పు యివ్వాలి. దానితోపాటు సిగ్గును మాత్రం యివ్వకూడదు.

గురజాడ అసమ్మతి పత్రం ఆనాడు ఓడిపోయింది. పరీక్షాధికారులు గ్రాంథికాన్నే నిలబెట్టారు. గిడుగు దశాబ్దాల తరబడి వూరూరా తిరిగి చేసిన పోరాటం తరువాత మెల్లమెల్లగా వాడుకభాష పత్రికల్లోకి, పుస్తకాల్లోకి, చివరకు పరీక్షాపత్రాల్లోకీ వచ్చింది. నేడు వ్యావహారికంలో రాసిన జవాబు తప్పని యే తెలుగు పంతులూ అనడు. ఒకప్పుడు మార్కులు పోగొట్టిన భాషలోనే యీ వ్యాసం రాయగలుగుతున్నాను.